నిర్ణయం సమావేశంలోనే జరగాలి

తిరుపతి

అమ్మా,

చిత్తూరులో స్వయంప్రతిపత్తి గల కళాశాలకు ప్రిన్సిపాల్‌వయ్యావని తెలిసి ఎంతో సంతోషించాను. నా దగ్గర చదువుకున్న పిల్లవు నువ్వు, నాకు గర్వంగా ఉంది. పాలన విషయంలో ముందు దేని మీద దృష్టి పెట్టాలని అడిగావు. సమావేశాల మీద పెట్టు. నీ గదిలో ఇద్దరు ముగ్గురితో తేల్చేసి తరువాత అందరి సంతకాలూ తీసుకునే పద్ధతిని మొదటి రోజు నుంచే దగ్గరికి రానివ్వకు.

స్వయంప్రతిపత్తి అంటే పరీక్షలు మనమే పెట్టుకోవడం అనుకుంటారు చాలామంది. దాంతోపాటు పాలక మండలి, చదువు సంగతులు తేల్చే అకడమిక్ కౌన్సిల్, ఆర్థిక కమిటీ, ఒక్కో విభాగానికి సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వస్తాయి. అకడమిక్ కౌన్సిల్‌కు అధ్యక్షురాలివి నువ్వే. విభాగాధిపతులతో పాటు సీనియారిటీ ప్రకారం వంతులవారీగా వచ్చే నలుగురు అధ్యాపకులు, బయటి నిపుణులు, విశ్వవిద్యాలయం నియమించే ముగ్గురు అందులో ఉంటారు. రోజూ చూసే లోపం మన కంటికి ఆనదు. బయటివాళ్లను యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, కూర్చోబెట్టింది అందుకే.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక నిపుణుణ్ణి ఉపకులపతి నియమిస్తారు, కానీ ఆ ఎంపికకు ఆరు పేర్లు పంపేది నువ్వు. ఎస్వీ యూనివర్సిటీలో సిలబస్‌ను అక్షరం అక్షరం పట్టి చూసే ఆచార్యులు ఎవరో విచారించి వాళ్ల పేర్లే పంపు. భోజనం చేసి, సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు నీకు వద్దు. మన విశ్వవిద్యాలయానికి బయటి నుంచి మరో ఇద్దరిని అకడమిక్ కౌన్సిల్ ఎంచుకోవాలి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. దూరం సాకు చెప్పనివ్వకు.

ఎజెండా వారం ముందే అందరికీ చేరాలి. పది గంటల సమావేశానికి తొమ్మిదిన్నరకు కాగితాలు చేతిలో పెడితే ఎవరూ చదవరు, తలూపుతారు. చర్చలో అందరికన్నా చిన్నవారిని ముందు మాట్లాడమను. విభాగాధిపతి అభిప్రాయం చెప్పాక, నిన్న మొన్న చేరిన అధ్యాపకురాలు దాన్ని కాదనలేదు. నువ్వు మాత్రం చివర మాట్లాడు. ఇది నీకు కష్టంగా ఉంటుంది, తెలుసు. చదువుకునే రోజుల్లోనే జవాబు నీ నాలుక చివర ఉండేది.

తరగతులు ఎనిమిదిన్నరకే మొదలుపెడదామన్న ప్రతిపాదన వచ్చిందనుకో. కాగితం మీద బాగానే ఉంటుంది. బంగారుపాళెం అవతలి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి మొదటి గంట పాఠం రోజూ పోగొట్టుకుంటుంది. ఆ మాట టైం టేబుల్ కమిటీలో ఎవరికీ తట్టకపోవచ్చు. అంతర్గత నాణ్యతా విభాగంలో విద్యార్థి ప్రతినిధి ఉంటారు కదా, అటువంటి అంశాలను ముందు అక్కడ పెట్టి అడుగు. ఆ విద్యార్థిని ఫొటోకు మాత్రమే పిలిచే పద్ధతి నాకు నచ్చదు.

ఇక మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాన్ని రాసిపెట్టే నమోదు. ‘చర్చించి ఆమోదించడమైనది’ అని ఒక్క వాక్యంతో ముగించకు. ఎవరు విభేదించారు, కారణం ఏమిటి, పని ఎవరికి అప్పగించారు, ఎప్పటిలోగా చేయాలి, ఇవన్నీ ఆ సాయంత్రమే రాయించు. కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ నాక్ పరిశీలన ఉందంటే రాత్రికి రాత్రి మినిట్స్ పుస్తకాలు తయారుచేసే దుస్థితి నీ కళాశాలకు రాకూడదు. మునుపటి తీర్మానాల్లో ఏది అమలైంది, ఏది ఆగింది అన్నది ప్రతి సమావేశంలోనూ మొదటి అంశంగా పెట్టు.

తొలి కౌన్సిల్ ఎజెండా ముసాయిదా సిద్ధం కాగానే నాకొక ప్రతి పంపు. ఖర్చుతో ముడిపడిన అంశాలేవైనా ఆర్థిక కమిటీకి వెళ్లకుండా నేరుగా వచ్చాయేమో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు