ఎయిర్ పిస్టల్‌కి కళ్లద్దాలు: ముందు సైటా, టార్గెట్టా?

తిరుపతిలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీసు చేసే 40 దాటినవాళ్ల ప్రశ్న ఇది: టార్గెట్ బాగానే కనబడుతోంది, ముందు సైట్ (గొట్టం చివర ఉండే గురి పలక) మసకేస్తోంది, ఏ పవర్ వాడాలి?

స్పష్టంగా ఉండాల్సింది ముందు సైటే. టార్గెట్ మధ్యలోని నల్లమచ్చ మసగ్గా ఉన్నా పర్లేదు. సైట్ల మధ్య దూరం 33 సెం.మీ. అనుకుంటే, వెనక సైట్ గాడిలో ముందు సైట్ 1 మి.మీ. పక్కకి జరిగితే పెల్లెట్ 30 మి.మీ. పక్కకి పోతుంది. పది రింగు వెడల్పే 11.5 మి.మీ.!

మీ దూరపుచూపు పవర్‌కి +0.50 కలిపి చూడండి, చాలకపోతే +0.75. చదువుకునే అద్దాలు వద్దు, వాటితో టార్గెట్ పూర్తిగా చెదిరిపోతుంది. ప్రోగ్రెసివ్ (ఒకే అద్దంలో దూరానికీ దగ్గరికీ వేర్వేరు పవర్లు ఉండేవి) అసలే వద్దు, తల కాస్త వంగితే పవర్ మారిపోతుంది.

కళ్లద్దాల షాపుకి పిస్టల్ తీసుకెళ్లకండి. కంటి నుంచి ముందు సైట్‌కి ఎంత దూరమో ఇంట్లోనే టేపుతో కొలుచుకోండి. కర్ర చివర నల్ల టేపు చుట్టి, షాపులో ట్రయల్ ఫ్రేములోంచి (పవర్లు మార్చి చూసే ఫ్రేము) అంతే దూరంలో చూడండి. టేపు అంచులు కత్తిరించినట్టు కనబడాలి.

మీ షూటింగ్ కళ్లద్దాలకి ఐరిస్ (చూసే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే బిళ్ల) ఉంటే మెల్లగా మూయండి. మరీ మూస్తే చీకటైపోతుంది. రెండో కన్ను గట్టిగా మూసుకుంటే గురిచూసే కన్నూ అలిసిపోతుంది. ఆ రెండో కన్ను తెరిచే ఉంచి, దాని ముందు 30 మి.మీ. వెడల్పు మించని తెల్లటి బ్లైండర్ (కంటికి అడ్డుపెట్టే పలక) అడ్డం పెట్టుకోండి.