తాబేలు పిల్లకు ఉక్కపోతే పథ్యం

గుంటూరు

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. గాజు తొట్టి బాగుంది, దీపం బాగుంది, తాబేలు పిల్ల మాత్రం ఎండిపోతోంది. తొట్టికి మూత లేదు, ఎదురుగా ఏసీ. బెజవాడలో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంటే తేమ తక్కువేంటి అంటావా? బెజవాడ గాలి వేరు, నీ గది గాలి వేరు. ఏసీ గాల్లో ఉన్న తేమనంతా నీళ్లు చేసి గొట్టంలోంచి బయటకు పంపేస్తుంది. మిగిలిన కాస్తా దీపం వేడికి పైనుంచి పోతుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి తిరిగిందంటే ఏసీ లేని ఇంట్లోనూ ఇదే గతి.

నీ సుల్కాటా జాతి తాబేలు సహారా అంచుల జీవి, పొడిగా ఉంచాలని అమ్మినవాళ్లు చెప్పే ఉంటారు. వినకు. అక్కడ కూడా పిల్లలు బొరియల్లో, చెమ్మలో తలదాచుకుంటాయి. పొడిలో పెరిగితే డిప్ప మీద పలకలు గోపురాల్లా పైకి లేస్తాయి. లేచినవి మళ్లీ చదును కావు. ప్రొటీన్ ఎక్కువైతే అలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. 2003లో వియన్నా పరిశోధకులు సుల్కాటా పిల్లలనే పెంచి చూస్తే ప్రొటీన్ పాత్ర స్వల్పమనీ, ముఖ్యంగా పొడిగాలే చేటు చేస్తోందనీ తేలింది.

కాబట్టి ముందు మూత సంగతి చూడు. అద్దాల కొట్లో కొలతకు గాజు పలక కోయించి, ఓ మూల వేలెడు సందు వదులు. దీపాలు తొట్టి లోపలే, పిల్లకు అందని ఎత్తులో ఉండాలి. యూవీబీ, అంటే దానికి కావాల్సిన అతినీలలోహిత కాంతి, గాజులోంచి రాదు గనక ఆ ట్యూబూ లోపలే. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి.

అడుగున ఎరువు కలపని కొబ్బరి పొట్టు నాలుగంగుళాలు పరుచు. అందరూ చేసే పొరపాటు పైన స్ప్రే కొట్టడం. గంటలో ఆరిపోతుంది, పైగా పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే పొట్టకింది డిప్ప కుళ్లుతుంది. గ్లాసుతో నాలుగు మూలలా నీళ్లు పోసి, అడుగుకు దిగనీ. వేలు గుచ్చితే పైన పొడిపొడిగా, లోపల చల్లగా తగలాలి. గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి గానీ నీళ్లు కారకూడదు.

దాక్కోవడానికి మట్టికుండ పెంకు పెట్టావు, చూడ్డానికి ముచ్చటే. కానీ తడిసిన మట్టి మన మంచినీళ్లను చల్లబరిచినట్టే పిల్లనూ చల్లబరుస్తుంది. ఐస్‌క్రీమ్ డబ్బా బోర్లించి గుమ్మం కోస్తే చాలు.

తేమ కొలిచే హైగ్రోమీటరును గోడకు కాదు, పిల్ల తల ఎత్తులో పెట్టు. 80 శాతం దగ్గర ఉండాలి. తొట్టిలో వేడి రాత్రిపూట కూడా 27 డిగ్రీల కిందికి దిగకూడదు. ఏసీ 24లో పెట్టి తొట్టి తడిపితే మిగిలేది రొంపే. ముక్కులోంచి బుడగలొస్తే ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లు. రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో, గడ్డం దాకా మాత్రమే, కూర్చోబెట్టు.

మేతకు గరిక, మందారాకు. గోంగూర మనకే, దానికొద్దు.

కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో తాబేలు రిజిస్ట్రేషన్ అయిందా? ఎవరైనా నక్షత్ర తాబేలు తోడు ఇస్తామంటే దండం పెట్టు. అది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి, ఇంట్లో ఉంచితే నేరం.

తొట్టి పొడుగు, వెడల్పు కొలిచి వాట్సాప్ చెయ్యి. గాజు ఇక్కడే కోయించి మీ అన్నయ్యతో పంపిస్తాను.

మీ పెదనాన్న