ఖాళీ తూటాలకు చింతపండు పెట్టొచ్చా?

ప్రశ్న: మా అక్కా బావా టెక్సస్‌లో ఉంటారు. బావకు తుపాకీ షూటింగ్ సరదా. రేంజ్‌లో పేల్చాక కింద పడిన ఇత్తడి కేసులు (తూటా గొట్టాలు) ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్ళీ మందు నింపుకుంటాడు. అక్కడ అది మామూలేనట. మనవరాలిని చూసుకోవడానికి వెళ్ళిన మా అమ్మ ‘మిషన్లెందుకు, చింతపండేసి నేనే తోమి ఇస్తా’ అంటోంది. తోమొచ్చా? ఇంకో సంగతి. మిలిటరీలో చేసిన మా నాన్న జ్ఞాపకంగా దాచుకున్న ఖాళీ తూటాల డబ్బా మా ఆవుల కొట్టం అటక మీద దొరికింది. అన్నీ నల్లబడ్డాయి. కొన్నిటికి మూతి దగ్గర నిలువునా చీలికలున్నాయి. వాటిని మెరిపించి షోకేస్‌లో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి ఆ కేసుల్ని వంటింట్లోకి రానివ్వొద్దని చెప్పండి. ఇబ్బంది చింతపండుతో కాదు, ఆ నల్లటి మసితో. తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్‌లో చాలావరకు సీసం కలిసిన రసాయనమే వాడతారు. పేలాక ఆ సీసం మసిలో కలిసి కేసు లోపలా బయటా అంటుకుంటుంది. సింకులో తోమితే గిన్నెలకీ చేతులకీ, అక్కణ్ణుంచి పాపకీ చేరుతుంది. చిన్నపిల్లల మెదడుకు సీసం ఎంత కొంచెమైనా చెరుపే. నేను తిరుపతిలో కెమిస్ట్రీ చెబుతూ ఎన్‌సీసీ చూసుకున్నన్నాళ్ళూ, ఫైరింగ్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏ క్యాడెట్‌కీ ఉప్మా పొట్లం ఇవ్వనిచ్చేవాణ్ణి కాదు. ఆకలి మీదున్న పిల్లలు విసుక్కునేవాళ్ళు. అయినా సరే, కడుక్కోవాల్సిందే.

మీ బావగారు వాడే మిషన్ బహుశా టంబ్లర్ అయి ఉంటుంది. వాల్‌నట్ పెంకుల పొడో, మొక్కజొన్న బెండు నలిపిన పొడో వేసి కేసుల్ని గంటల తరబడి అదిరించే రకం ఒకటి. కేసులు బాగానే మెరుస్తాయి గానీ, మూత తీసి జల్లించేటప్పుడు లేచే దుమ్ములో ఆ సీసమే ఉంటుంది. అందుకే నీళ్ళు, గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, సన్నటి స్టీలు పిన్నులు వేసి తిప్పే తడి పద్ధతి మేలంటాను. వాడేసిన ప్రైమర్‌ను ముందే ఊడగొడితే ఆ గుంట కూడా శుభ్రమవుతుంది. తర్వాత మంచినీళ్ళతో కడిగి ఎండలో ఆరబెడితే చాలు. ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌లో మాత్రం పెట్టొద్దనండి. పనంతా గరాజ్‌లోనే, పాప అటు రాకుండా చేసుకోవాలి.

చింతపులుసు కిలుమును వదిలిస్తుంది, నిజమే. కానీ తూటా కేసు ఇత్తడిలో రాగి 70 వంతులు, జింకు 30 వంతులు. పులుపులో ఎక్కువసేపు నానితే జింకు కరిగిపోయి, పైన రాగి మిగిలి, గులాబీ మచ్చలు పడతాయి. మన పూజ గంటకు అలా అయితే చూడ్డానికి బాగోదు, అంతే. మళ్ళీ పేల్చాల్సిన కేసుకు అది బలహీనత. మనవాళ్ళు చింతపండుతో పాటు వేసే ఉప్పు ఇంకా చేటు.

ఇక మీ డబ్బాలోని చీలికల సంగతి. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ‘ఆవుల కొట్టం’ అన్న మాట. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలోని సైన్యం వానాకాలంలో తూటాల పెట్టెల్ని గుర్రపు లాయాల్లో దాచేది. వానలు వెలిసి తెరిచి చూస్తే, ఎవరూ ముట్టని తూటాలు మూతి దగ్గర పగిలి ఉండేవి. కారణం గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా అని తర్వాత తేలింది. ఇత్తడి రేకును సాగదీసి కేసుగా మలిచినప్పుడు లోహం లోపల బిగువు మిగిలిపోతుంది. ఆ బిగువున్న చోటికి తేమతో కలిసి అమ్మోనియా చేరితే లోహం దానంతటదే చీలుతుంది. తయారీలో మూతి దగ్గర వేడిచేసి ఆ బిగువు తగ్గించడం దీనికి విరుగుడు. ఆవు మూత్రం నుంచీ అదే అమ్మోనియా వస్తుంది. మీవి పేల్చినప్పుడే చీలాయా, అటక మీద చీలాయా అన్నది చూడకుండా తేల్చలేను గానీ, కొట్టం మీదే నా అనుమానం. ఏదేమైనా, డబ్బాను అక్కణ్ణుంచి ఈరోజే దించండి. అమ్మోనియా ఉన్న పాలిష్‌లు వాటికి తగలనివ్వకండి. షోకేస్ కోసమే కాబట్టి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని పెరట్లో సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడవండి. కొంచెం నలుపు మిగిలినా ఉండనివ్వండి, అది మీ నాన్నగారి కాలం నాటిది.

కడిగే ముందు ప్రతిదీ తిప్పి చూడండి. గుండు ఊడి, ప్రైమర్ మీద తుపాకీ లోపలి సూది దెబ్బ గుంట ఉంటే పేలినదే. గుండు అలాగే ఉన్నది ఒక్కటి కనిపించినా కదపకుండా పోలీస్ స్టేషన్‌కు చెప్పండి.

చట్టం మాట కూడా వినండి. 1959 ఆయుధాల చట్టంలో తూటా భాగాలు కూడా తూటా కిందికే వస్తాయి. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. జ్ఞాపకంగా దాచుకున్న ఖాళీ కేసుకు ఆ ఆధారం ఉంది. అయినా ఒకసారి లాయర్‌ను అడిగి, స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. బావగారిలా మందు నింపాలన్న ఆలోచన మాత్రం ఇక్కడ వద్దు. లైసెన్స్ లేకుండా తూటా తయారుచేస్తే ఏడేళ్ళకు తగ్గని జైలు. అమ్మగారు తిరిగొచ్చేటప్పుడు సరదాకైనా ఒక కేసు బ్యాగులో వేసుకు రావద్దనండి. దారిలో ఏ ఎయిర్‌పోర్ట్‌లోనైనా స్కానర్‌కు చిక్కితే, అది ఖాళీదని చెప్పుకునేలోపు విమానం వెళ్ళిపోతుంది. అలిపిరి చెకింగ్ దగ్గరా అంతే.

ప్రశ్న: నేను ఎన్‌సీసీ క్యాడెట్‌ని. ఫైరింగ్ అయ్యాక .22 రైఫిల్ ఖాళీ కేసులన్నీ గడ్డిలో వెతికించి, లెక్కపెట్టి తీసుకుంటున్నారు. మళ్ళీ నింపడానికేనా సార్?
– ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: కాదమ్మా. .22 కేసుకు విడిగా ప్రైమర్ ఉండదు. పేలే రసాయనం అడుగు అంచు లోపలే ఉంటుంది. సూది తగిలి ఆ అంచు నలిగాక కేసు పని అయిపోయినట్టే. లెక్క ఎందుకంటే, ఇచ్చిన తూటాలకూ తిరిగొచ్చిన కేసులకూ సరిపోతేనే రేంజ్ దాటి ఒక్క తూటా కూడా బయటికి పోలేదని తెలుస్తుంది. ఒకటి తగ్గితే చీకటి పడినా సరే వెతకండి.