సర్వర్లన్నీ ఒకే రాత్రి మార్చేయొచ్చా?

ప్రశ్న: అన్నా, నేను కర్నూల్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సిస్టమ్స్ చూస్తా. ఆదోని, ఎమ్మిగనూరు వైపు జిన్నింగ్ మిల్లులకి, పత్తి వ్యాపారులకి మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తాది. మొత్తం 16 లైనక్స్ సర్వర్లు, అన్నీ వర్చువల్ మెషీన్లే (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి). 5 సెంట్‌ఓఎస్ 7, మిగతావి ఉబుంటు 20.04. రెండింటికీ సపోర్ట్ అయిపోయింది, అంటే మామూలు అప్‌డేట్లు ఇంక రావని ఒక కస్టమర్ వాళ్ళ ఆడిటర్ రాసి పంపినాడు. మా సార్ ఏమో ఒక ఆదివారం రాత్రి కూర్చోని అన్నీ చేసేయండి అంటున్నాడు. నేను, ఇంకో తమ్ముడు తప్ప ఇవి తెలిసినోళ్ళు లేరు. ఎట్ల మొదలుపెట్టాల?

జవాబు: తమ్ముడూ, ఒక్క రాత్రిలో 16 వద్దు, మీ సార్‌కి ఈ పేజీ చూపించినా పర్లేదు. ఆడిటర్ రాసింది మాత్రం కరెక్టే. సెంట్‌ఓఎస్ 7 కథ 2024 జూన్ 30తో అయిపోయింది, ఉబుంటు 20.04కి మామూలు సపోర్ట్ 2025 మే నెలాఖరుతో ఆగిపోయింది. ఉబుంటు వాటికి ఉబుంటు ప్రో తీసుకుంటే ఇంకో 5 ఏళ్ళు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, మీకున్నన్ని సర్వర్లకి డబ్బు కట్టాలి, అయినా హడావిడి లేకుండా పని చేసుకోవాలంటే అది ఆలోచించదగ్గదే. సెంట్‌ఓఎస్ వాటికే ముందు తొందర.

కమాండ్లు నెట్‌లో దొరుకుతాయి, అసలు పనల్లా ఏ సర్వర్ మీద ఏముంది, దాని మీద ఎవరు ఆధారపడ్డారు, చెడితే వెనక్కి ఎట్లా రావాలి అన్నది ముందే తేల్చుకోవడం. యాన్సిబుల్ (సర్వర్లన్నిటికీ ఒకేచోటి నుంచి కమాండ్లు పంపే టూల్) పెట్టుకుని ఉంటే వెర్షన్లు, డిస్క్‌లో ఖాళీ అన్నీ నిమిషాల్లో వచ్చేస్తాయి. /బూట్ పార్టిషన్ (మెషీన్ స్టార్ట్ అవ్వడానికి కావాల్సిన ఫైళ్ళుండే డిస్క్ భాగం) నిండిపోయి ఉంటే అప్‌గ్రేడ్ అక్కడే ఆగుద్ది కాబట్టి అది తప్పకుండా చూడు. కానీ ఏ సర్వర్ దేనితో మాట్లాడుతుందన్నది మాత్రం ఒక్క రోజు చూస్తే తెలీదు, ఎందుకంటే జీఎస్టీ రిటర్న్ కోసం నెలకొక్కసారి డేటా లాగే స్క్రిప్ట్ ఏ క్రాన్‌లోనో (చెప్పిన టైమ్‌కి పనులు తనంతట తానే నడిపేది) పడుకుని ఉంటుంది, అందుకని ప్రతి సర్వర్‌లో క్రాన్‌ట్యాబ్‌లు, అంటే ఆ పనుల లిస్టులు, అన్ని యూజర్లవీ చదువు, కనెక్షన్లు ఒక నెల పాటు రోజూ ఫైల్‌లోకి రాసి పెట్టుకో.

తర్వాత క్యాలెండర్. దసరా దాటి పత్తి మార్కెట్‌కి రావడం మొదలైతే సంక్రాంతి వరకు మీ కస్టమర్లకి ఊపిరాడదు, ఆ నెలల్లో ఏదీ ముట్టుకోవద్దు. నెలలో 11కి జీఎస్టీఆర్-1, 20కి జీఎస్టీఆర్-3బీ రిటర్న్‌ల గడువులు ఉంటాయి కాబట్టి వాటి ముందు రోజులు కూడా వద్దు. అవి తీసేస్తే మిగిలే శనివారం రాత్రులు ఎన్నో లెక్కేసి సార్ ముందు పెట్టు, ఒక్క రాత్రి మాట ఆయనే వదిలేస్తాడు.

సెంట్‌ఓఎస్ 7 ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేయడానికి దాని బదులు వాడే ఆల్మాలైనక్స్ (ఆల్మా) వాళ్ళ ఎలివేట్ అనే టూల్ ఉంది, కానీ 7 నుంచి 8, మళ్ళీ 9, అంటే రెండు దూకుళ్ళు. వర్చువల్ మెషీన్లే కదా, నేనైతే ఆల్మా 9తో కొత్త మెషీన్ పక్కన లేపి అప్లికేషన్ దానిమీదికి మార్చమంటా, 9కి 2032 వరకు ప్యాచ్‌లు వస్తాయి, పాతది ఆఫ్ చేసి అట్లే ఉంచుకుంటే వెనక్కి వచ్చే దారి కూడా అదే. కొత్త మెషీన్ బూట్ కాకుండా సీపీయూ ఎక్స్86-64-వీ2 (ఆల్మా 9కి కావాల్సిన కనీస సీపీయూ స్థాయి) సపోర్ట్ చేయట్లేదని చెప్పి చచ్చిపోతే భయపడొద్దు, వర్చువల్ సీపీయూ టైప్ పాతది పెట్టి ఉంటారు, హోస్ట్ సీపీయూకి మారిస్తే సరిపోతుంది. అసలు హార్డ్‌వేరే మరీ పాతదైతే మాత్రం ఆల్మా 8 దగ్గర ఆగాలి, దానికి 2029 వరకు ఉంది.

ఉబుంటు 20.04 నుంచి నేరుగా 24.04కి పోలేవు, మధ్యలో 22.04 ఎక్కాల్సిందే. 22.04కి 2027 వరకే కాబట్టి అక్కడ ఆగిపోకుండా 24.04 దాకా పోండి. దారిలో వెబ్ కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ 7.4 కాస్తా 8.1, తర్వాత 8.3 అవుతుంది, పాత కోడ్‌లో బిల్లు ప్రింట్ దగ్గర ఎర్రర్లు వచ్చేది ఇక్కడే. ఇంకోటి చాలామంది చూసుకోరు. 22.04లో వచ్చే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి ఎక్కడానికి, ఫైళ్ళు పంపడానికి వాడేది) పాత ఎస్‌హెచ్ఏ-1 సంతకాలని, అంటే గుర్తింపు రుజువు చేసే పాత పద్ధతిని, ఒప్పుకోదు. మిల్లులో కాటా పక్కన ఉండే పాత కంప్యూటర్ ఎస్ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్ఎఫ్‌టీపీతో తూకాలు మీ సర్వర్‌కి పంపుతుంటే, అందులో క్లయింట్ సాఫ్ట్‌వేర్ పాతదైతే, కనెక్షన్ కట్ అయిపోద్ది. ఆఫీస్‌లో టెస్ట్ చేస్తే అంతా బాగానే ఉంటుంది, సోమవారం పొద్దున లారీ కాటా ఎక్కినాక ఫోన్ వస్తుంది. ఆ మిల్లుల లిస్ట్ ముందే తీసి క్లయింట్లు అప్‌డేట్ చేయించండి.

వరుస ఏందంటే, ముందు కాపీ తీసిన టెస్ట్ మెషీన్ మీద, తర్వాత మీ ఆఫీస్ వాళ్ళు మాత్రమే వాడేదాని మీద, తర్వాత వెబ్ సర్వర్లలో ఒక్కటి, దాన్ని ఒక నెలాఖరు దాటనిచ్చి మిగతావి. డేటాబేస్ సర్వర్ ఆఖరున. అందులో ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయితే, అప్‌గ్రేడ్ చివర్లో పాత ప్యాకేజీలు తీసేయాలా అని అడిగినప్పుడు వద్దనే చెప్పు, ఎందుకంటే నీ డేటా ఇంకా వెర్షన్ 12లోనే ఉంటుంది, అలవాటుగా యెస్ కొడితే ఆ 12నే తీసేసే ప్రమాదం ఉంది. దాన్ని కొత్త వెర్షన్‌కి మార్చేది ఇంకో రాత్రి పెట్టుకో.

మెషీన్ ఆపి స్నాప్‌షాట్ (ఆ క్షణానికి మెషీన్ ఎట్లుందో అట్లే దాచేది) తీసుకో, కానీ తర్వాత వెనక్కి వెళ్తే మధ్యలో కొట్టిన బిల్లులు పోతాయి, కాబట్టి బిల్లింగ్ తెరిచేలోపే అయ్యిందా కాలేదా తేల్చేయాలి. టైమ్ ముందే రాసుకోండి, రాత్రి 2కి లాగిన్, బిల్లు, ప్రింట్ మూడూ పని చేయకపోతే ఇంక తవ్వకుండా స్నాప్‌షాట్‌కి వెళ్ళిపోవడమే. స్నాప్‌షాట్ కాక వేరేచోట బ్యాకప్ ఉండాలి, దాన్ని ఒకసారైనా వేరే మెషీన్ మీద రిస్టోర్ చేసి చూసి ఉండాలి. ఎస్ఎస్‌హెచ్ తెగితే మెషీన్ తెర నుంచే నేరుగా ఎక్కడానికి కన్సోల్ పాస్‌వర్డ్ మీ ఇద్దరికీ తెలిసుండాలి.

ప్రశ్న: సార్, కడపలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌ని. ఉబుంటు 22.04 మెషీన్లు 30 ఉన్నాయి, 24.04కి మార్చాలంటే మా నెట్ సరిపోదు, అన్నీ ఒకేసారి పెడితే నెట్ మొత్తం ఆగిపోతుంది. ఏమైనా దారుందా?

జవాబు: ఉందమ్మా. ఒక మెషీన్‌లో ఆప్ట్-కాషర్-ఎన్‌జీ (దిగిన ప్యాకేజీలు దాచి పక్క మెషీన్లకి ఇచ్చేది) వేసి, మిగతా వాటిలో ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు దించేది) ప్రాక్సీగా దాని అడ్రస్, పోర్ట్ 3142 ఇవ్వండి. ఒక ప్యాకేజీ నెట్ నుంచి ఒక్కసారే దిగుతుంది, తర్వాత అందరికీ ల్యాబ్ స్విచ్ మీదనే అందుతుంది. ముందు రోజు సాయంత్రం ఒకటి పూర్తిగా చేసేయండి, మర్నాటికి ఆల్మోస్ట్ అన్నీ అందులో ఉంటాయి. ప్రాక్టికల్స్ అయిపోయినాక పెట్టుకోండి, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో చూసుకుని అన్ని మెషీన్లే బ్యాచ్‌గా చేయండి, ప్యాకేజీలు సగం ఎక్కినప్పుడు కరెంట్ పోతే ఆ మెషీన్ బూట్ కాకపోవచ్చు.

ప్రశ్న: అన్నా, అనంతపురం నుంచి. సెంట్‌ఓఎస్ 7 నుంచి ఆల్మా 8కి మారినాం, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చలేదు, డేటా ఫోల్డర్ ఉన్నదున్నట్టు కాపీ చేసినాం. ఎర్రర్ ఏమీ లేదు గానీ కొందరు కస్టమర్ల పేర్లు వెతికితే రావడంలేదు, నంబర్‌తో వెతికితే వస్తున్నారు.

జవాబు: తమ్ముడూ, ఇది ఇవాళే సరిచేయాల్సిన విషయం. అక్షరాల వరుస చెప్పేది పోస్ట్‌గ్రెస్ కాదు, కింద ఉన్న జీలిబ్‌సీ (లైనక్స్‌లో ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ). సెంట్‌ఓఎస్ 7లో అది 2.17, ఆల్మా 8లో 2.28, ఆ 2.28లోనే వరుస నియమాలు పెద్దగా మారినాయి. మీ ఇండెక్స్ (పేర్లు త్వరగా వెతకడానికి వరుసలో కట్టుకునే జాబితా) పాత వరుసలో కట్టి ఉంది, వెతికేది కొత్త వరుసలో, అందుకే పేరు టేబుల్‌లో ఉన్నా ఇండెక్స్ దారిలో దొరకదు. నంబర్లకి ఈ గొడవ లేదు. సీ కొలేషన్ (భాషా నియమాలు లేకుండా అక్షరాల కోడ్ వరుసే వాడేది) పెట్టుకున్నోళ్ళకీ లేదు. డంప్, అంటే డేటా మొత్తం ఫైల్‌గా, తీసి రిస్టోర్ చేసి ఉంటే ఇండెక్స్‌లు కొత్తగా కట్టేవి, మీది ఫోల్డర్ కాపీ కాబట్టి ఇట్లయ్యింది.

ముందు బ్యాకప్ తీసుకుని, యూజర్లని ఆపి, రీఇండెక్స్ డేటాబేస్ కమాండ్ కొట్టండి, ఇండెక్స్‌లు కొత్తగా కడుతుంది. యూనిక్ ఇండెక్స్ (ఒకటే పేరు రెండుసార్లు ఒప్పుకోనిది) దగ్గర డూప్లికేట్ ఉందని ఆగిపోతే, ఉన్న పేరు కనపడక మళ్ళీ ఎంటర్ చేసినట్టు లెక్క. ఆ రెండు రికార్డుల్లో దేనికింద ఏ బిల్లులున్నాయో కౌంటర్‌లో కూర్చునే వాళ్ళని పక్కన పెట్టుకుని చూసి, ఒకదానికి మార్చి, అప్పుడు మళ్ళీ కొట్టండి. రెప్లికా (డేటాబేస్‌కి కాపీగా నడిచే ఇంకో సర్వర్) ఏదైనా ఇంకా సెంట్‌ఓఎస్ 7 మీదే నడుస్తుంటే దాన్నుంచి రిపోర్టులు తీయడం ఆపేయండి, కొత్తగా కట్టిన ఇండెక్స్ దానికి పోయినాక ఇదే తప్పు అక్కడ మొదలవుతుంది.