పెన్ను ఇన్సులిన్‌ను సిరంజితో లాగుతున్నారా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. మిక్స్‌డ్ ఇన్సులిన్ ఉదయం 16, రాత్రి 10 యూనిట్లు పెన్నుతో తీసుకుంటారు. నాలుగు రోజుల క్రితం పెన్ను పాడైంది. అప్పట్నుంచి అందులో మందుండే గొట్టం, అదే కార్ట్రిడ్జ్‌లోంచే, ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితో అన్నే యూనిట్లు తీసి వేస్తున్నాం. పరగడుపున 62, 66 వస్తోంది కాబట్టి కంట్రోల్లోకి వచ్చినట్టే. తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయి, ఉక్కకు కాబోలు. నా సందేహం ఏమిటంటే, ఇన్సులిన్‌ను మిల్లీగ్రాముల్లో కాక యూనిట్లలో ఎందుకు కొలుస్తారు? కంపెనీ మారితే యూనిట్ మారుతుందా?

జవాబు: యూనిట్ సంగతి తర్వాత. ముందు ఆ సిరంజి పక్కన పెట్టండి.

ఎర్ర మూత మామూలుగా 40 సిరంజికి, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు గీతలు గీసినదానికి ఉంటుంది. మూతను నమ్మకుండా సిరంజి మీద రాసింది చదవండి. అది 40 సిరంజే అయితే, 10 గీత దాకా లాగినప్పుడు వచ్చేది పావు మిల్లీలీటరు. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసా మందైతే అది సరిగ్గా 10 యూనిట్లు. కానీ పెన్ను కార్ట్రిడ్జ్‌లో సాధారణంగా మిల్లీలీటరుకు 100 ఉంటాయి. అంటే రాత్రి 10 అనుకుని 25, ఉదయం 16 అనుకుని 40 వేస్తున్నారు! ఆ 62 కంట్రోల్ కాదండీ, లో షుగర్. చెమటలు కూడా చాలావరకు దానివే అయ్యుంటాయి.

తర్వాతి డోసుకు ముందే మీ డాక్టరుకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పండి. భయపడి ఇన్సులిన్ మొత్తం మానేయకండి, అదింకో ప్రమాదం. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే, స్పృహలో ఉంటేనే, 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీరడిగింది. 1920ల మొదట్లో టొరంటోలో ఇన్సులిన్‌ను జంతువుల క్లోమం నుంచి తీసేవారు. ఏ విడతలో అసలు మందెంత, మలినమెంత తెలిసేది కాదు. తూకం వేసి లాభం లేదు కాబట్టి పనితనాన్ని కొలిచారు. పస్తుంచిన రెండు కిలోల కుందేలుకు షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చేంత మందు మొదట్లో ఒక యూనిట్. మనుషుల వాడకానికి అది పెద్దదైపోయిందని మూడో వంతుకు తగ్గించారు. 1925 నాటి తొలి అంతర్జాతీయ ప్రమాణంలో మిల్లీగ్రాముకు 8 యూనిట్లుండేవి. శుద్ధి పెరిగిన నేటి హ్యూమన్ ఇన్సులిన్‌లో దాదాపు 29. ఇప్పుడు ల్యాబ్ యంత్రాలే కొలుస్తాయి, కుందేళ్లు బతికిపోయాయి.

కంపెనీ మారినా, సీసా మారినా యూనిట్ మారదు. మారేది ఆ యూనిట్ ఎంత నీటిలో ఉందన్నదే. అయితే రకం మారితే పనిచేసే వేగం, వ్యవధి మారతాయి. యూనిట్లు సమానమే కదా అని ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు.

ఈ జవాబు చదివాక కొందరు, సరే, రెండున్నరతో భాగించి అదే సిరంజితో వేద్దాం అంటారు. దయచేసి వద్దు. నిద్రమత్తులో ఒకరు, కళ్లజోడు లేకుండా ఇంకొకరు వేసే ఇంట్లో ఆ లెక్క ఎన్నాళ్లు నిలుస్తుంది? 100 సిరంజితో 40 సీసా మందు తీసేవాళ్లది తిరగబడిన కష్టం. 10 గీతకు 4 యూనిట్లే వెళ్లి, షుగర్ దిగడం లేదని డోసు పెంచుకుంటూ పోతారు. పైగా సిరంజి గుచ్చిన కార్ట్రిడ్జ్‌లోకి గాలి చేరుతుంది. కొత్త పెన్ను కొన్నాక దాన్నే బిగిస్తే డోసు తప్పొచ్చు, డాక్టరుకు చూపించాక పారేయండి. మిల్లీలీటరుకు 200, 300 యూనిట్లుండే పెన్నులూ ఉన్నాయి. వాటిని సిరంజితో అస్సలు ముట్టుకోవద్దు.

పెన్ను పాడైన రోజే ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. అదే కంపెనీ పెన్ను తెచ్చుకోవాలా, లేక సీసా, దానికి తగిన సిరంజికి మారాలా అన్నది మీ డాక్టరే చెప్పాలి. ఈ వయసులో కిడ్నీ దెబ్బతిని ఉంటే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఈమధ్య కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించకపోతే అది కూడా చేయించండి. వెళ్లేటప్పుడు ఆ సిరంజి, కార్ట్రిడ్జ్, షుగర్ రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి. పేర్లు నోటితో చెబితే చాలదు.