వరంగల్ దగ్గరి మెట్ట నేలల్లో చూడదగ్గ పక్షులు ఉంటాయా?

పాకాల, రామప్ప వంటి చెరువులకు కాకుండా, వరంగల్ చుట్టుపక్కల నీటి వసతి లేని చేలల్లో, రాతి గుట్టల్లో మిత్రులతో ఒక రోజంతా తిరిగితే ఫలితం ఉంటుందా అని మీరు అడిగారు. తప్పకుండా ఉంటుంది. చెరువు గట్టున కూర్చుంటే కనిపించని పక్షుల కోసమే మా మిత్రబృందం చలికాలంలో ధర్మసాగర్ దాటి ఇనుపరాతి గుట్టల వైపు వెళ్తుంటుంది.

పొద్దు పొడవకముందే అక్కడికి చేరుకోవాలి. తెల్లవారుతుండగా పొదల్లో కౌజు పిట్టల కూతలు మొదలవుతాయి, ఆ తరువాత కరెంటు తీగల మీదికి పాలపిట్టలు, పసిరిక పిట్టలు చేరుతాయి. ఇవి అందరికీ తెలిసినవే కనుక వాటి దగ్గర ఎక్కువసేపు ఆగకుండా, పత్తి తీసేసిన చేలనూ, గడ్డి పలుచగా ఉన్న మొరం నేలనూ బైనాక్యులర్‌తో నిదానంగా వెతకమని నా సలహా.

ఇండియన్ కోర్సర్‌ను మేము చూసింది అటువంటి నేలలోనే. ఇటుక రంగు ఛాతీ, కంటి మీదుగా మెడ వెనక్కి సాగే నలుపు తెలుపు చారలు, పొడవైన తెల్లని కాళ్లు గల ఆ పక్షి కొంతదూరం చకచకా పరుగెత్తి, ఠక్కున ఆగి నిటారుగా నిలబడి, ముందుకు వంగి ఏదో పురుగును అందుకుని, మళ్లీ పరుగు తీస్తుంది. కదులుతున్నంతసేపే కనిపిస్తుంది, ఆగిందంటే మట్టిలో కలిసిపోతుంది. మాలో ఒకరు దాని మీద నుంచి చూపు తిప్పకుండా "తుమ్మ మొద్దుకు ఎడమ పక్కన, ఎర్ర రాయి ముందర" అని చెబుతూ ఉండబట్టే మిగిలినవాళ్లం చూడగలిగాము. మెట్ట నేలకు నలుగురు కలిసి వెళ్లాలనడం ఇందుకే.

పావురాన్ని పోలిన, నేల మీద తిరిగే సాండ్‌గ్రౌస్ అనే పక్షి కోసమైతే ఎండ కాస్త ఎక్కాక ఏదైనా కుంట అంచున కదలకుండా కూర్చోవాలి. ఎండు గింజలే దాని తిండి కాబట్టి నీటికి రాక తప్పదు. పిల్లలున్న కాలంలో మగపక్షి తన పొట్ట ఈకలను నీటిలో నానబెట్టుకుని ఎగిరి వెళ్తుంది, పిల్లలు ఆ ఈకల్లోని తడిని ముక్కులతో పీల్చుకుని దాహం తీర్చుకుంటాయి. ఇంతటి జీవనం సాగే నేలను ఖాళీ భూమి అనుకుని మొరం తవ్వడం, ప్లాట్లు వేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అందుకే చూసిన ప్రతి పక్షినీ చోటు, తేదీతో సహా ఈబర్డ్‌లో (చూసిన పక్షుల వివరాలు ఎవరైనా నమోదు చేయగల వెబ్‌సైట్, యాప్) నమోదు చేయండి. 1931–32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నాటి హైదరాబాద్ రాజ్యంలో జరిపిన పక్షుల సర్వేతో ఇప్పటి పరిస్థితిని పోల్చడానికి ఇటువంటి నమోదులు ఎంతో అవసరం.

వేసవిలో వెళ్లేటట్లయితే మాత్రం అడుగు చూసి వేయాలి. తీతువు పిట్ట నేల మీదనే, మట్టి రంగులో కలిసిపోయే మచ్చల గుడ్లు పెడుతుంది. అది మీ తల మీద తిరుగుతూ అదేపనిగా అరుస్తుంటే ఫోటో కోసం ముందుకు పోకుండా, వచ్చిన దారినే వెనుదిరగండి.