తెలుగులో మహిళా దర్శకులు ఇంత తక్కువ ఎందుకు?

ప్రతిభ లేక కాదు, దారే ఇరుకు. మన దగ్గర డైరెక్టర్ కావాలంటే ముందు ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా చేయాలి. జీతం అంతంతమాత్రం, రాత్రి షూటింగులు, పొద్దుపోయేదాకా సాగే కథా చర్చలు. ఇంట్లో ఒప్పించడం ఒక ఎత్తయితే, ఔట్‌డోర్‌లో సరైన బాత్రూమ్, రాత్రి ఇంటికి చేర్చే బండి దొరకడం మరో ఎత్తు.

ఇవన్నీ దాటినా నిర్మాత డబ్బు, హీరో డేట్లు కావాలి. అందుకే తొలితరంలో మెగాఫోన్ పట్టినవాళ్లు అప్పటికే పెద్ద తారలు. భానుమతి 1953లో 'చండీరాణి' తీసేనాటికి భరణి సంస్థ ఆమె ఇంటిదే. 40కి పైగా సినిమాలు తీసి 2002లో గిన్నిస్‌కెక్కిన విజయనిర్మలకూ సొంత బ్యానర్ అండ ఉంది. సావిత్రి 1968లో తీసిన 'చిన్నారి పాపలు'కైతే కథ, సంగీతం, కళ కూడా ఆడవాళ్లే చూసుకున్నారు. ఇప్పటికీ అరుదే!

తార కాకుండానే వచ్చిన నందినీరెడ్డి 2011లో 'అలా మొదలైంది'తో హిట్ కొట్టారు. అయినా ఆడవాళ్లకు ప్రేమకథో, కుటుంబకథో అయితే సరే; భారీ మాస్ సినిమా అప్పగించాలంటే నిర్మాతలకు టెన్షన్. సుధ కొంగర 2008లో తెలుగులోనే మొదలుపెట్టారు, పేరొచ్చింది మాత్రం తమిళంలో.